తెల్లచీర తెచ్చిన చావు కబురు

రండి, ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి, చాప పెద్దదే. ఆ రోజుల్లో నాకున్న ధైర్యం తలచుకుంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు. ధైర్యమంటే పులిని కొట్టే ధైర్యం కాదు, అత్తకు చెప్పకుండా గడప దాటే ధైర్యం. ఇరవై రెండేళ్ల వయసు నాది. పెళ్లయి మూడేళ్లు. అందులో రెండేళ్లు మా ఆయన మస్కట్‌లో, నేను ఎల్లారెడ్డిలో అత్తమ్మకు ఎదురుగా కూర్చుని బీడీలు చుడుతూ. ఇంట్లో మేమిద్దరమే. ఆమెకు నేను తప్ప దిక్కు లేదు, నాకు ఆమె తప్ప భయం లేదు.

మా ఇద్దరి మధ్యకు వచ్చింది టీచరమ్మ. యేసు ప్రభువు మాట చెప్పడానికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. (ఏ బడిలోనూ టీచరు కాదు. సాయంత్రాలు వాడ పిల్లలకు అక్షరాలు దిద్దించేది కాబట్టి ఆ పేరు పడింది.) ముప్పై ఏళ్లుంటాయేమో. ఎప్పుడు చూసినా తెల్లచీర, బోసి నుదురు, చేతికి గడియారం. బీడీ ఆకు కత్తిరించడం నేర్చుకుంటానని కూర్చుని మంచి ఆకంతా ముక్కలు చేసేది. మాటకు ముందొక 'అండి', వెనకొక 'అండి'. "మా మేకను గూడ 'జరగండి' అంటదే గీ పిల్ల" అని అత్తమ్మ వెక్కిరించేది. అయినా ఆమె వచ్చిందంటే చాలు, పొయ్యి మీది మొదటి జొన్నరొట్టె ఆమెకే. నాకు మూడోది. వేరే దేవుడి మాట చెప్పే మనిషి మీద అత్తమ్మకు అంత ప్రేమ ఎందుకో నాకు బోధపడేది కాదు.

నాకు మాత్రం ఆమె మీద ప్రేమకు కారణముంది. మా ఆయన రెండు నెలలు ఫోన్ చేయని కాలం ఒకటి వచ్చింది. అత్తమ్మ ముందు ఏడిస్తే ఆమె ఇంకా ఏడుస్తుందని కడుపులోనే దాచుకున్న ఏడుపును టీచరమ్మ ముందు ఏడ్చేదాన్ని. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే ఛాతీ మీది బండ ఎవరో దించినట్టుండేది. బాప్తిస్మం ఇప్పించమని నేనే అడిగాను. తరువాత ఫోన్ చేసిన మా ఆయన, "నీ ఇష్టం గని, ముందుగాల అమ్మకు చెప్పు" అన్నాడు. టీచరమ్మ కూడా అడిగింది, "మీ అత్తగారికి చెప్పారా అండీ?" అని. "ఆఁ, చెప్పిన" అన్నాను. ప్రభువు దగ్గరికి పోయే దారిలో నేను వేసిన మొదటి అడుగు అబద్ధం మీద వేశాను, చూడండి.

మహమ్మద్‌నగర్‌లో చిన్నమ్మకు బాగాలేదని అత్తమ్మతో చెప్పి ఆటో ఎక్కాను. కాలువ గట్టు మీద కామారెడ్డి నుంచి వచ్చిన పాస్టరయ్య ఉన్నాడు. టీచరమ్మ సంచిలోంచి తెల్లచీర తీసింది. నా చేతులు వెనక్కి పోయాయి. "మా వైపు ఇది పండగ బట్టండీ, పెళ్లికూతురిలా ఉంటారు" అందామె. నీళ్లలోకి దిగినంతసేపే కదా, రాగానే మార్చుకుంటే ఎవరు చూస్తారులే అనుకున్నాను. (నా తెలివి!) నీళ్లలో జారిపోతాయని గాజులు, మెట్టెలు తీసి, నా ఫోన్‌తో సహా పొడిచీర ఉన్న సంచిలో పెట్టాను. సంచి ఆటోలో పెట్టాను. నీళ్లలో మునిగి లేచేసరికి మనసు తేలికైపోయింది. గట్టెక్కి చూస్తే ఆటో కూడా తేలిగ్గా వెళ్లిపోయింది, ఎవరో పెళ్లివాళ్లు పిలిచారట.

రోడ్డు మీద ఇంకో ఆటోను ఆపాం. ఆ అన్న నా తడితల, తెల్లచీర, బోసి చేతులు చూసి టక్కున పాట ఆపేశాడు. వెనక సీట్లోని ఇద్దరిని దింపి మాకు చోటిచ్చాడు. దిగాక టీచరమ్మ డబ్బులిస్తే నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, "వద్దక్కా. దిల్ గట్టి చేస్కో" అని వెళ్లిపోయాడు. టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశారా, ప్రభువు మనుషుల మనసుల్ని ఎలా కదిలిస్తాడో!" అంది. నేనూ అవునవును అన్నాను.

వాడ మొదట్లోనే రేడియో అవ్వ ఇల్లు. (ఊళ్లో ఏం జరిగినా ఆమె నోట మొదట వినబడుతుందని ఆ పేరు.) అరుగు మీద బీడీలు చుడుతున్న అవ్వ తలెత్తి నన్ను చూసింది. ఒళ్లోని చాట జారి, ఆకూ తంబాకూ నేలపాలైనాయి. చూసుకోలేదు. "ఓ... మస్కటోడు పోయిండే!" అని ఒక్క కేక. నాకు అప్పుడు, అప్పుడు మాత్రమే, నా ఒంటి మీదున్నదేమిటో తెలిసింది.

ఆ కేక విని పక్కనే ఉన్న మా ఇంట్లోంచి అత్తమ్మ బయటికి వచ్చింది. నన్ను కింది నుంచి మీదికి చూసింది. గడపలోనే కూలబడి, "ఓ నా కొడుకా! నా బంగారి తండ్రీ! నా మొకమన్న చూడకపోతివి కొడుకా!" అని రాగం తీసింది. వాడ ఆడవాళ్లంతా వచ్చి నా మెడ మీద పడ్డారు. "కాదు, కాదు" అంటున్నాను. "దుక్కానికి మతి చెదిరింది బిడ్డకు, నీళ్లు తాపుండ్రి" అన్నారు. చెంబెడు నీళ్లు నోట్లో పోశాక ఇక మాటెక్కడిది? టీచరమ్మ ముఖం మీద ఇందాకటి సంతోషపు నవ్వు ఇంకా పోలేదు. అది చూసి జనం మరీ బిత్తరపోయారు.

అత్తమ్మ నా మెడను పట్టుకుని ఏడుస్తోంది. ఏడుస్తున్నదల్లా ఆగింది. ఆమె చేతికి తాడు తగిలింది. "పుస్తె ఉన్నది!" అంది. అందరూ చప్పున నోరు మూశారు. "ఆయన బతికే ఉన్నడు, ఫోన్ చెయ్యుండ్రి!" అన్నాను, ఇంకా నీళ్లు కక్కుతూనే. రేడియో అవ్వ తన ఫోన్‌తో వీడియో కాల్ కలిపింది. తెర మీద మా ఆయన ముఖం, నెత్తిన టోపీ.

"ఏందే గా లొల్లి? ఎవరు పోయిన్రే అమ్మా?"

"నువ్వే పోయినవ్ గదరా కొడుకా!"

"నేనా? నేను గిన్నెలు తోముతున్ననే!"

(ఆఫీసులో కొలువని చెప్పాడు ఇన్నాళ్లూ. ఆ గోలలో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, నాకు తప్ప.)

బతికున్నాడని తెలిసి జనం నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. అత్తమ్మ నవ్వలేదు. కాలువ సంగతంతా చెప్పించుకుంది. విని, లోపలికి వెళ్లి, నా చీరలు మూట కట్టి గడప పక్కన పెట్టింది. "రేపు తల్లిగారింటికి పో. నువ్వు ఏ దేవునికి మొక్కితే నాకేంది? నాకు చెప్పకపోతివి. ఒక గడియసేపు నా కొడుకు పోయిండని ఏడిస్తి. ఆ గడియ నాకెవరు మల్ల ఇస్తరు?" అంది.

తెల్లారి టీచరమ్మ ఆటోవాడి దగ్గర దొరికిన సంచితో వచ్చింది. అత్తమ్మ ఆమె మీదికి లేచింది. "దానికి తెలివి లేదు. నీకన్న ఉండద్దా బిడ్డా? నేను ఎనిమిది నెలల పొల్లగానితోని కట్టిన ఆ బట్ట. నీ మొగడు పోయిననాడు నువ్వు ఏడ్చుకుంట కట్టలేదా?"

టీచరమ్మ సంచి కింద పెట్టింది. "మొగుడా? నాకింకా పెళ్లే కాలేదండీ!"

ఈసారి బిత్తరపోవడం అత్తమ్మ వంతు. గోడకు ఆనుకుంది. "పెండ్లే కాలేదా? గీ వయసుల మొగడు పోయిండని గాదె, రెండేండ్ల సంది నీకు మొదటి రొట్టె పెడుతున్న!"

టీచరమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "రెండేళ్లుగా నేను నోటితో ఒకటి చెబుతున్నాను, నా చీర మీకు ఇంకోటి చెబుతోందన్నమాట. ఒక్కసారి కూడా మిమ్మల్ని అడగలేదు. తప్పు నాదండి. ఆవిణ్ని పంపకండి" అంది. నేను అత్తమ్మ కాళ్లు పట్టుకున్నాను. ఆమె చాట తెచ్చి నా ముందు పెట్టింది. "ఆకు నాని ఉన్నది. కూసొని చుట్టు. మూట లోపల పెట్టు" అంది. ఆ రోజు టీచరమ్మకు మూడో రొట్టె దొరికింది, నాకు మొదటిది.

ఆ తరువాత అత్తమ్మే టీచరమ్మను బస్సెక్కించి కామారెడ్డి బట్టల దుకాణానికి తీసుకుపోయింది. ఆమెకో కుంకుమరంగు చీర, బాప్తిస్మాలకని పసుపువి నాలుగు. "కాల్వల ముంచుతవో, బాయిల ముంచుతవో నీ ఇష్టం. బట్ట మాత్రం నేను చెప్పిందే" అని షరతు. అత్తమ్మ ఎన్నడూ ఆ నీళ్లలోకి దిగలేదు. కానీ మాలో ఎవరు దిగినా ముందు ఆమెను అడిగి దిగారు. టీచరమ్మ ఆ రోజు ఒక ఆకుపచ్చ చీర అత్తమ్మ ఒళ్లో కూడా పెట్టింది. "ఛీ, నాకా? మంది ఏమనుకుంటరు?" అని పెట్టె అడుగున పడేసింది.

మరుసటి ఏడు మా ఆయన సెలవు మీద వచ్చాడు. ఎదురు పోదామని బయలుదేరాం. అత్తమ్మ ఆకుపచ్చ చీరలో బయటికి వచ్చింది. రేడియో అవ్వ చేతిలో చాట మళ్లీ జారింది. "ఎవరి పెండ్లే?" అంది. "పెండ్లి గాదు. నా కొడుకు సచ్చి బతికొచ్చిండు, గందుకు కట్టిన" అని అత్తమ్మ తల ఎత్తుకుని ఆటో ఎక్కింది.

అత్తమ్మ ఇప్పుడు లేదు. ఆ తెల్లచీరను మాత్రం ఆమె బతికుండగానే చింపి, తడి బీడీ ఆకును చుట్టి పెట్టే గుడ్డలు చేసింది. ఒక ముక్క ఇంకా మిగిలింది. దాన్ని తడిపి పిండినప్పుడల్లా, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేక కాలువ దాకా పోయిన ఆ పిచ్చిపిల్ల కనబడుతుంది. దాన్ని కోప్పడదామనుకుంటాను, నవ్వొస్తుంది. మీ ఇంట్లో దూరాన ఉన్నవాళ్లంతా క్షేమంగా గడప తొక్కుదురు గాక. మీ పొయ్యి మీది మొదటి రొట్టెకు ఎప్పుడూ ఒక అతిథి ఉండును గాక. చల్లగా ఉండండి.