ఆరిళ్ళ బియ్యం, ఒకే గుండిగ

నిన్న సాయంత్రం మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లోని మా వంటింట్లో కుక్కర్‌కి బియ్యం కొలుస్తూ, అలవాటు ప్రకారం అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో వేస్తుంటే, ఆరేళ్ళ మా అమ్మాయి చూసి, "డాడ్, ఆర్ వీ రన్నింగ్ అవుట్ ఆఫ్ రైస్?" అని కంగారు పడింది. లేదమ్మా, ఇది దేవుడి కోసం అన్నాను. డబ్బాలోకి తొంగిచూసి, దేవుడికి బాస్మతి ఇష్టమా, మామూలు బియ్యం ఇష్టమా అని ఇంగ్లీషులోనే అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర పన్నెండేళ్ళుగా ఉంది కానీ, అది కుక్కర్ మూడు కూతలు కూసేలోగా చెప్పగలిగింది కాదు. అందుకని మీకు చెబుతున్నాను.

నాకింకా నలభై రాలేదు. జ్ఞాపకాలు రాసుకోవడానికి ఇది మరీ పిందె వయసని తెలుసు. కానీ అమ్మను వీడియో కాల్‌లో గట్టు మీద నిలబెట్టి పప్పు వండటం నేర్చుకున్న మన తరానికి జ్ఞాపకాలు కాస్త ముందే కాపుకొచ్చాయని నా అనుమానం. బాపట్ల దగ్గర నుంచి అడిలైడ్ వచ్చి, మాసన్ లేక్స్‌లో యూనికి, అంటే యూనివర్సిటీకి, నడిచి వెళ్ళేంత దూరంలో నలుగురం కలిసి ఒక ఇల్లు తీసుకున్నప్పుడు, మా ఆస్తి నాలుగు లాప్‌టాప్‌లు, ఒక కుక్కరు, ఎవరిదో తెలియని ఒక గరిటె. సోమవారం వండిన కూర గురువారం దాకా వచ్చేది. మాలో ధైర్యవంతులు దాన్ని శుక్రవారం కూడా తినేవారు.

నేను క్రైస్తవుల ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణే అయినా, ఈ దేశంలో మొదటి ఆదివారం ప్రార్థనకు వెళ్ళింది భక్తితో అని చెబితే అది ఆ ప్రార్థనకే అవమానం. మా రూమ్మేటు ఒకడు నల్లగొండవాడు, ప్రతి శనివారం హనుమంతుడికి దండం పెట్టుకోనిదే టీ కూడా తాగేవాడు కాదు. ప్రార్థన అయ్యాక తెలుగు భోజనం పెడతారన్న వార్త వాడి చెవిన పడింది. "అన్నా, మీ దేవుని కాడ పప్పన్నం పెడుతున్నరంట, నువ్వేమో గింత భక్తి లేకుండ పండుకున్నవ్, లే" అని దుప్పటి లాగి నన్ను తీసుకెళ్ళింది వాడే. విదేశంలో నన్ను మళ్ళీ ప్రార్థనకు నడిపించింది ఒక హనుమద్భక్తుడన్న సంగతి మా అమ్మకు ఈ రోజుకీ తెలియదు.

ఆ ప్రార్థన ఒక పాత ఆస్ట్రేలియన్ చర్చి వెనకాల హాల్లో జరిగేది. పొద్దున వాళ్ళు చర్చిలో ఆరాధించుకుని వెళ్ళిపోతే, మధ్యాహ్నం ఆ హాలు మాకు. దాన్ని నడిపేది రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీ. వాక్యం చెప్పేది ఆవిడ భర్త అంకులే అయినా, నడిపేది ఆంటీయేనని అంకుల్‌తో సహా అందరికీ తెలుసు. ఆయన వారమంతా బస్సు నడిపేవారు, ఆవిడ ముసలివాళ్ళ సంరక్షణ కేంద్రంలో నర్సు. ఆకలిగా ఉన్నవాడి చెవిలో వాక్యం ఆగదన్నది ఆవిడ సిద్ధాంతం. అందుకని అంకుల్ ప్రసంగం పొడుగైతే వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపించేది, అంకుల్ వెంటనే ఆమెన్ చెప్పేసేవారు. పప్పు, సొరకాయో దోసకాయో, చారు, ఉడకబెట్టిన గుడ్డు, ఇంటి ఆవకాయ. అంతే. అన్నం ముందు ఆవిడ చేసే ప్రార్థన కూడా అంతే పొట్టిగా ఉండేది: వచ్చినవాళ్ళకు సరిపోవాలి, రానివాళ్ళకు మిగలాలి. నేను విన్న పెద్ద పెద్ద ప్రార్థనలేవీ గుర్తులేవు కానీ ఆ రెండు ముక్కలూ గుర్తున్నాయి, బహుశా ఆ తర్వాత ప్రతిసారీ నిజంగానే మిగిలినందువల్ల కావచ్చు.

ఇలా ఉండగా ఒక ఆదివారం చారు తాలింపులో ఎండుమిరపకాయలు కాస్త ఎక్కువ పడ్డాయి. హాల్లో ముందు అంకుల్‌కి దగ్గొచ్చింది, తర్వాత సంఘమంతటికీ వచ్చింది, చివరికి పైకప్పులోని పొగ అలారానికి వచ్చింది. పది నిమిషాల్లో ఫైరింజను. లోపలికొచ్చిన ఇద్దరు నిలువెత్తు మనుషుల ముందు ఆంటీ గరిటెతో నిలబడి, ఎలాగూ వచ్చారు, భోంచేసి వెళ్ళండి అంది. వాళ్ళు తిని కన్నీళ్ళు పెట్టుకున్నారని రాస్తే బాగుండేది. కన్నీళ్ళు పెట్టుకున్న మాట నిజం, తినకుండానే. తలుపులన్నీ తెరిచి వెళ్ళిపోయారు.

ఆ హాలు తాళాలు ఎనభై దాటిన ఒక పెద్దావిడ దగ్గర ఉండేవి. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. అలారం మోగిన నాలుగో వారం ఆవిడ వచ్చి మర్యాదగానే చెప్పింది: ప్రార్థన చేసుకోండి, పాటలు పాడుకోండి, కానీ వచ్చే నెల నుంచి హాల్లో భోజనాలు వద్దు, మూడు వారాలైనా కర్టెన్లకు ఆ వాసన పోలేదు. అంకుల్ తలూపేశారు. హాలు పోలేదు కదా అని ఆయన ధైర్యం. ఆంటీ మాత్రం ఊపలేదు. ఆ రోజు ఆవిడ గిన్నెలు తోముతూ నాతో, "వీళ్ళల్లో సగంమంది వారం మొత్తమ్మీద కూర్చుని అన్నం తినేది ఈ ఒక్క పూటే నాయనా. పాట పాడించి ఖాళీ కడుపుతో పంపిస్తే దేవుడు నన్నే అడుగుతాడు" అంది. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వకుండా చెబితే నాకు జోకు దొరకలేదు. అరుదైన సంగతి కనుక రాస్తున్నాను.

తర్వాత వారం ఆంటీ తాళాల పెద్దావిడ దగ్గరకు తనే వెళ్ళి, ఒక్క ఆదివారం అడిగింది. మీ పొద్దుటి సంఘాన్నంతటినీ మేము భోజనానికి పిలుస్తాం, తిన్నాక కూడా వద్దంటే ఇక మాట్లాడం అంది. పెద్దావిడ ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఆ పూట మిరపకాయల సంగతి మాత్రం ముందే అడిగింది.

మేము వెంటనే చికెన్ బిర్యానీ అన్నాం. ఆంటీ వినలేదు. రేపల్లెలో వాళ్ళ నాయనమ్మ పూట పూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి కుండలో దాచి, ఆదివారం గుడికి, అంటే ఊరి చర్చికి, పట్టుకెళ్ళేదట. ఊళ్ళో అందరూ అలాగే తెచ్చేవాళ్ళట. మా ఇంట్లోనూ ఆ కుండ ఉండేది, నేను దాన్ని ఎలుకల కోసం పెట్టారనుకునేవాణ్ణి. కొన్న బియ్యంతో పెడితే అది కేటరింగు, మన నోటి దగ్గర్నుంచి తీసి పెడితేనే విందు అని ఆంటీ తీర్పు. కొలిచిన దాంట్లోంచే తియ్యాలి, పిడికెడు ఎక్కువ పోసి తీయకూడదు. అలా సంఘంలోని ఆరిళ్ళవాళ్ళం నాలుగు వారాలు రోజూ తీశాం. మా ఇంట్లో ఎక్కువ తీసింది హనుమద్భక్తుడే, వాడి పిడికిలి పెద్దది.

శనివారం ఆరిళ్ళూ తిరిగి బియ్యం పోగుచేసే బాధ్యత నాకిచ్చారు. నా జీవితంలో నేను చేసిన పనుల్లో బాధ్యత అన్న మాట తగిలినవన్నీ ఇలాగే ముగిశాయి. ఆరు సంచులు ఆరు చోట్ల చిందరవందరగా కనిపిస్తుంటే, ఒక మూత ఉన్న పెద్ద నీలం డ్రమ్ము తెచ్చి అన్నీ అందులో బోర్లించి, సమానంగా ఉండాలని చేత్తో బాగా కలిపాను కూడా. ఆదివారం దాని మూత తీస్తూ 'అందరి పిడికిళ్ళూ ఒక్కటే' అని ఒక మాట అందామని రాత్రి అద్దం ముందు సాధన చేసుకున్నాను.

పొద్దున ఎనిమిదింటికి మూత తీశాను. ఆంటీ చెయ్యి పెట్టి ఒక గుప్పెడు పైకి తీసి వెలుతురులో చూసింది. బాస్మతి, సోనా మసూరి, జాస్మిన్, డయాబెటిస్ ఉన్న ఒకరింటి దంపుడు బియ్యం, ఇంకెవరింటివో ఇడ్లీ బియ్యం. ఒకటి పది నిమిషాల్లో ఉడుకుతుంది, ఒకటి ముప్పావుగంటకు గానీ ఉడకదు.

"ఒరేయ్, బియ్యం తెమ్మన్నానుగానీ వాటికి కాపురం పెట్టమన్నానా?" అంది ఆంటీ.

నేను నా డైలాగు మింగేశాను. రూమ్మేటు డ్రమ్ములోకి తొంగిచూసి, "మీ ఆంధ్రోళ్ళకు కలుపుడు బాగొస్తదన్నా. విడగొట్టుడు ఎంత కష్టమో మమ్ముల్ని అడుగు" అన్నాడు. అంకుల్ వేరే బియ్యం తెస్తానని కారు తాళాలు అందుకున్నారు కానీ, ఆ రోజుల్లో అడిలైడ్‌లో ఆదివారం కొట్లు పదకొండైతే గానీ తెరవరు, ఆరాధన ముగిసేది పదకొండింటికే. పక్కన చర్చిలో అప్పటికే ఆర్గన్ సాధన మొదలైంది. తాళాల పెద్దావిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి, అలారం వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఆంటీ చేతిలోని గుప్పెడు బియ్యం మళ్ళీ డ్రమ్ములోకి వదిలింది. తర్వాత కొంగు దోపి, పెద్ద గుండిగ పొయ్యి మీదికెక్కించి, "వీళ్ళ వయసువాళ్ళకు నేను వారమంతా తినిపిస్తానురా. పలుకు పలుకు అన్నం వీళ్ళకేం దిగుతుంది? సగంమందికి పళ్ళే కట్టుడువి. దంపుడు గింజ మెత్తబడేదాకా నీళ్ళు పొయ్యి, మిగతావి కరిగితే కరగనీ" అంది. గంటన్నర కలిపాం. బాస్మతి మొదట లొంగిపోయింది, దంపుడు బియ్యం చివరిదాకా ఎదురు నిలిచింది. మెత్తగా ఉడికిన కందిపప్పు, చిన్న చిన్న ముక్కలుగా కోసిన సొరకాయ అందులోనే వేసేశాం. తాలింపు మాత్రం చర్చి పెరట్లోని బార్బీ, అంటే బార్బెక్యూ పొయ్యి, మీద అంకుల్ పెట్టారు. సాసేజీలు తప్ప మరేమీ ఎరగని ఆ పెనం మీద బాణలి పెట్టి, నెయ్యిలో జీలకర్ర, వెల్లుల్లి, రెండే రెండు మిరపకాయలు వేసి, బస్సు నడిపినంత జాగ్రత్తగా పరుగెత్తకుండా లోపలికి తెచ్చి కుమ్మరించారు. అలారం నోరెత్తలేదు.

పాతికమంది ఆస్ట్రేలియన్ పెద్దలూ, ముప్పైమంది మావాళ్ళూ ఎదురెదురు బల్లల మీద కూర్చున్నారు. మావాళ్ళు గిన్నెల్లోకి చూసి, తర్వాత నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆంటీ తన రెండు ముక్కల ప్రార్థన ఇంగ్లీషులో చేసింది. తాళాల పెద్దావిడ ఒక చెంచా తిని ఆగింది. రెండోది తిని మళ్ళీ ఆగింది. మూడో చెంచా నుంచి ఆగలేదు. గిన్నె ఖాళీ చేసి, వడ్డిస్తున్న నా ముందుకు చాచి, ఇంకా ఉందా, లేక చూడ్డానికేనా డార్లింగ్ అంది. మూడుసార్లు వేశాను. పక్కనున్న ముసలాయన, ఆదివారం మధ్యాహ్నాలు తనింట్లో ఒక్కడే నిలబడి టోస్ట్ తింటాడట, ఆ రోజు కూర్చుని రెండు గిన్నెలు తిని, ఇందులో ఏం బియ్యం వాడారని అడిగాడు. అన్నీ అని చెప్పాను. నా వృత్తి జీవితంలో ఇంత నిజాయితీగా ఇచ్చిన టెక్నికల్ సమాధానం ఇంకొకటి లేదు.

చివర్లో పెద్దావిడ లేచి, గ్లాసు మీద చెంచాతో కొట్టి, తీర్పు చెప్పింది. భోజనాలు ఉండవచ్చు. కానీ తాలింపు ఎప్పటికీ పెరట్లోనే. రెండోది, ఇకనుంచి పెట్టేదేదో పదకొండున్నరకల్లా పెడితే, పొద్దుటి సంఘంవాళ్ళు ఇళ్ళకు పోయి టోస్ట్ కాల్చుకునే పని తప్పుతుంది. అంకుల్ మళ్ళీ తలూపారు, ఈసారి అందరం ఊపాం. మూడువేల పదాల ఎస్సేకు డిస్టింక్షన్ వచ్చిన రోజున కూడా నాకంత గెలిచినట్టు అనిపించలేదు. రూమ్మేటైతే ఖాళీ డ్రమ్మును మృదంగంలా వాయించాడు. ఆంటీ మాత్రం వంటింట్లోకి వెళ్ళి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లనుకుందామంటే ఆ రోజు వంటలో ఉల్లిపాయ లేదు.

చదువయ్యాక ఉద్యోగం నన్ను మెల్‌బోర్న్ తెచ్చింది. ఇక్కడి మా సంఘంలో విందు ఫాయిల్ ట్రేలలో వస్తుంది, ఎవరు ఏ వారం ఆర్డరు పెట్టాలో వాట్సాప్‌లో లిస్టు ఉంటుంది. నిజం చెప్పాలంటే బిర్యానీ చాలా బాగుంటుంది. పిల్లలెవరూ ఆకలితో రారు, అది మనం గెలిచిందే, కాదనను. కాకపోతే విందు అయిపోగానే ఎవరి కారు వాళ్ళెక్కి వెళ్ళిపోతాం, తోమడానికి గిన్నెలుండవు.

పోయినేడు పనిమీద అడిలైడ్ వెళ్ళి, ఆదివారం పదకొండున్నరకు ఆ హాల్లో అడుగుపెట్టాను. తాళాల పెద్దావిడ లేరు. చివరి నెలలు ఆంటీ పనిచేసే చోటే ఉన్నారట, మెత్తటి పప్పన్నమే తినేవారట, తినిపించింది ఆంటీయేనట. ఆంటీకి ఇప్పుడు భుజం లేవదు, కుర్చీలో కూర్చుని కళ్ళతో వంట చేయిస్తోంది. గరిటె పట్టింది మా రూమ్మేటు. అక్కడే ఇల్లు కొనుక్కుని, శనివారం హనుమంతుడికి, ఆదివారం ఈ గుండిగకు, రెండింటికీ క్రమం తప్పకుండా హాజరవుతున్నాడు. కొత్తగా యూనికి వచ్చిన పిల్లలు బల్లల నిండా ఉన్నారు. నేను చేతులు కడుక్కుని వడ్డించబోతే, "నువ్వు చుట్టానివన్నా, కూసో" అని భుజం నొక్కి కూర్చోబెట్టి, అందరికన్నా ముందు నాకు వడ్డించాడు.

వేడి వేడిగా, మొదటి గరిటె. చాలా బాగుంది. కానీ ఆ హాల్లో ఉన్నన్నాళ్ళూ నేనెప్పుడూ చివర్లో, అందరూ తిని లేచాక, గుండిగ అడుగు గీకి తిన్నవాణ్ణి. అడుగంటిన ఆ ముద్దలో కాస్త మాడు రుచి ఉండేది. అది చుట్టాలకు పెట్టరు.