మామ వంగి చూసిన సంబంధం

లారీ కనబడితే మా మేనమామకు కాళ్లు నిలిచేవి కావు. చాయ్ సగంలో వదిలేసి దాని కిందికి వంగేవాడు. లోడుంటే దించి, ఖాళీగా ఉంటే లేపుకునే అదనపు ఇరుసు ముందుందా, వెనకుందా, దానికి రెండు టైర్లా, నాలుగా అని ఒక బండిని ఇంకో బండితో పోల్చేవాడు. మనుషులను అంత వంగి చూడగా నేనెరుగను.

ఆయన బిడ్డకు నర్సింహులపేట సంబంధం వచ్చింది. సొంత లారీ ఉన్న పిల్లగాడు. పిల్లకు నచ్చాడు, అత్తకు ఇంకా నచ్చాడు. మామ, అత్త, నేను ఇల్లు చూడబోతే వాళ్ల వాకిట్లో భూపాలపల్లి బొగ్గు లోడుతో లారీ ఆగి ఉంది. మామ తెల్లంగితోనే దాని కిందికి దూరాడు.

"మీ మామను జర బయటికి గుంజురా," అత్త నన్ను గిచ్చింది.

"కాళ్లే కనవడుతున్నయత్తా. వట్టుకుంటె మొక్కుతున్న అనుకుంటరు."

మామ కింద నుంచే అరిచాడు. "లోడు నిండుగున్నది, ఇరుసు గాల్ల ఉన్నదేంది పిలగా?"

"టైర్లు అరుగుతయని లేపిన మామా."

"మరి బరువంత మిగిలిన టైర్లే మొయ్యాల్నా? గట్లయితె బ్రేకేస్తె బండి ఆగుతదా?"

మామ బయటికి వచ్చాక పిల్లగాడు తల వంచుకొని క్యాబిన్ ఎక్కి ఇరుసు దించాడు. మామ ఏ మాటా ఇవ్వకుండానే బయలుదేరాడు.

పాలకుర్తిలో మామ ఇంటి వాకిట్లోనే బిడ్డ ఎదురొచ్చింది. "ఏమన్నవు నాయినా?"

"బరువు తప్పించుకునేటోడు బిడ్డా. రేపు ఇంట్ల గూడ గట్లనే జేస్తె?"

"దించుమని చెప్పినవా?"

"చెప్పిన. దించిండు."

"చెప్తె ఇంటున్నడు గద. అవ్వ మాట నువ్వు ఎన్నడన్న ఇన్నవా?"

మామ అత్త దిక్కు చూశాడు. పొద్దుగూకేదాకా వాకిట్లో అటూ ఇటూ తిరిగి, చివరికి తనే నర్సింహులపేటకు ఫోన్ చేసి, ముహూర్తానికి పంతులును ఎప్పుడు పిలుద్దామని అడిగాడు.