అంటామన్న వాక్యాలు

సుధామయిది అనంతపురం. కెనడాలోని ఎడ్మంటన్‌లో భాషాశాస్త్రం చదువుతోంది. ఆమె పరిశోధన మాత్రం దక్షిణాఫ్రికాలో మాట్లాడే షిట్సోంగా మీద. ఆ భాషలో 'త్సకా' అంటే సంతోషించడం. దానినుంచి 'న్త్సాకో', సంతోషం, పుడుతుంది. ఆ నామం మనసులో ఉండే స్థితికి పేరా, మనసులో జరిగే సంఘటనకు పేరా? సంఘటనకే అన్నది ఆమె సిద్ధాంతం.

న్యెలేటి గారి మాతృభాష అదే. నర్సుగా రిటైరై ఎడ్మంటన్‌లోనే ఉంటారు. సుధామయి ప్రతి ఆదివారం పులిహోర చేసి పట్టుకెళ్ళేది. తాను కూర్చిన వాక్యాలు చదివి, "ఇలా అంటారా?" అని అడిగేది. "అంటాం" అనేవారావిడ. సిద్ధాంతానికి ఎదురు నిలిచిన వాక్యం ఒక్కటీ లేదు. సుధామయికి అనుమానం పుట్టింది అందుకే.

ఒక ఆదివారం కావాలనే అర్థంలేని వాక్యమొకటి కలిపింది: సంతోషం బస్సెక్కి ఊరెళ్ళింది. న్యెలేటి గారు తలూపారు.

"నిజంగా అంటారా?"

ఆవిడ పులిహోర గిన్నె వైపు చూశారు. "ఇంత చలిలో వండి తెచ్చావు. 'అనం' అని నీకెలా చెప్పను?"

సుధామయికి కోపం రాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి మాటను కాదనకపోవడం ఆమె ఇంట్లోనూ మర్యాదే. అయితే థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం ఆ మర్యాద మీద నిలబడి ఉంది.

సాయంత్రం సంగతంతా విని, ఆమెతో కలిసి ఉంటున్న కావ్యశ్రీ స్టవ్ ఆపింది.

"అక్కా, డిసెంబర్ల నీ స్టడీ పర్మిట్ అయిపోతది. సబ్మిట్ చేసెయ్. నీ థీసిస్ కమిటీల ఆ భాష ఎవరికొస్తది?"

"ఎవరికీ రాదు."

"మరింకేంది?"

"అందుకే ఆ చాప్టర్ తీసేస్తున్నా. ఎక్స్‌టెన్షన్‌కి అప్లై కూడా చేశా."

"అంతా చేసినంక నాకెందుకు చెప్తున్నవ్? అన్నం తిను."

తరువాతి వారం సుధామయి వంట గాని, వాక్యాలు గాని తీసుకెళ్ళలేదు. టీ న్యెలేటి గారే పెట్టారు. బాగా సంతోషం కలిగిన ఒక రోజు గురించి మీ భాషలో చెప్పమని సుధామయి అడిగింది. చిన్నప్పుడు వాకిట్లోకి కొళాయి వచ్చిందని ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్న రోజు గురించి ఆవిడ తీరిగ్గా చెప్పారు. విన్నదాన్ని సుధామయి అదే భాషలో, తన మాటల్లో తిరిగి చెబుతూ, సాయంత్రానికి ఆ న్త్సాకో ముగిసిందని అంది.

"అలా అనం," న్యెలేటి గారు కప్పు కింద పెట్టారు. "పండగ ముగిసింది. న్త్సాకో ఎక్కడ ముగిసింది?"

సంఘటనైతే ముగియాలి; ఆ జవాబు సిద్ధాంతానికి పూర్తిగా ఎదురు. సుధామయి దాన్ని ఉన్నదున్నట్టు రాసుకుని, తరువాతి ప్రశ్న అడిగింది.