పేరెంట్స్ మీటింగ్‌లో గురక

హయత్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను నైట్ డ్యూటీ నర్సును. పొద్దున డ్యూటీ దిగి, బస్సులో ఊగుతూ ఇబ్రహీంపట్నం చేరి, ఏడో తరగతి చదివే మా అమ్మాయికి డబ్బా కట్టేదాన్ని. ఒకరోజు నిద్ర కళ్లతో పెరుగన్నంలో పెరుగుకు బదులు ఇడ్లీ పిండి కలిపాను. సాయంత్రం డబ్బా అలాగే తిరిగొచ్చింది. మర్నాటి నుంచి మాత్రం నేను వచ్చేసరికే డబ్బా సిద్ధంగా ఉండేది. మా ఆయనకు ఇన్నాళ్లకు బాధ్యత తెలిసిందని మెచ్చుకున్నాను. ఆయన కాదనలేదు.

ఆ నెలలోనే బడిలో పేరెంట్స్ మీటింగ్. డ్యూటీ నుంచి నేరుగా వెళ్లాను.

"అక్కా, పాప చదువుల మంచిగనే ఉంది. గని రెండో పీరియడ్‌కే బెంచి మీద తల పెట్టి పండుకుంటది. ఇంట్ల ఫోన్ చూస్తదా?" అంది టీచరమ్మ.

"ఈ పిల్లలకు నిద్ర విలువ తెల్వది మేడమ్..." అని నేను మొదలుపెట్టిన సంగతి గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది అమ్మాయి నా భుజం కుదపడం.

"అమ్మా, లే. గురక పెడ్తున్నవ్."

టీచరమ్మ ప్రోగ్రెస్ కార్డు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. వెనక నిల్చున్న ఒకావిడ, "పాపం, బీపీ పడిపోయినట్టుంది, నీళ్లియ్యుండ్రి" అంది. నేను నర్సునని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మాయిని గదమాయించాను.

"ఫోన్ కాదమ్మా. ఐదింటికే లేచి డబ్బా నేనే కట్టుకుంటున్న."

"మరి బాపు?"

"బాపు లేచేసరికే అయిపోతది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఫికర్ చేస్తవ్. పగలు కూడా పండుకోవు."

రాత్రంతా ఏ పేషెంటు ఎన్నిసార్లు మేల్కొన్నాడో రాసిపెట్టే నాకు, నా ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తున్నారో తెలియలేదు.

ఇంటికి రాగానే మా ఆయనను నిలదీశాను.

"నువ్వు గంత ముచ్చటగ మెచ్చుకుంటుంటే ఎట్ల కాదనాలె?" అన్నాడు.

ఆ సాయంత్రమే హెడ్ నర్సును బతిమాలితే నెలకు రెండు వారాలు పగటి డ్యూటీ ఇచ్చింది. మిగిలిన రెండు వారాలు మా ఆయనే లేచి వండుతున్నాడు. ఆయన పప్పు నా పప్పు కన్నా బాగుంటుందని అమ్మాయి అంటుంది. టీచరమ్మ ఫిర్యాదులు కూడా ఆగిపోయాయి.