పంపుషెడ్డు గోడ చెప్పిన మడుగు

బెజవాడ బస్టాండులో తెల్లవారి ఐదుంబావుకి తిరువూరు బస్సెక్కాను. ఒక చేతిలో గాలం కర్ర, ఇంకో చేతిలో ఐసు పెట్టె. మంగళవారం మా కొట్టుకి సెలవు. వారం కిందట ఇదే బస్సులో వెళ్లి మోచెయ్యంత కొర్రమీనుని పట్టాను. ఆ సంబరం నాకింకా దిగలేదు. పక్క సీటాయన అడక్కపోయినా ఫోన్ తీసి ఫోటో చూపించాను. ఎక్కడండీ అన్నాడాయన. అది మాత్రం అడక్కండి అంటూ మీసం దువ్వుకున్నాను.

నిజానికి ఆ చోటు ఎవరికీ చెప్పనని యేసురత్నం గారికి మాటిచ్చాను. ఆయన కూలిపనులు చేసుకునే అరవయ్యేళ్ల మనిషి. వెదురు కర్రకి దారం కట్టి గాలం వేస్తారు. వేసవిలో ఏరంతా ఇసక తేలాక, నీళ్లు నిలిచేది వాళ్ల ఊరి పక్క మడుగులోనే. మిగిలిన చేపలన్నీ అందులోనే తలదాచుకుంటాయి. తొలకరి నీళ్లకి అవే ఎదురెక్కి గుడ్లు పెడితేనే మళ్లీ ఏట్లో చేప కనపడేది. అందుకని శివరాత్రి దాటాక అక్కడ ఎవరూ వల వెయ్యరు. గాలమే వెయ్యాలి, మనిషికి ఒక్క చేపే, గుడ్ల చేప పడితే వదిలెయ్యాలి. ఇదీ ఊరి కట్టుబాటు. నా కొర్రమీను పొట్ట తడిమి చూసి, "నిండా గుడ్లున్నాయి సార్, వదిలెయ్యండి" అన్నారాయన. ప్రాణం ఉసూరుమంది గానీ, ఫోటో తీయించుకుని వదిలేశాను. ఇంటికొచ్చి ఆ ఫోటోని మా గాలాలవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఊరి పేరు రాయలేదు. ఎంతమంది బతిమాలినా చెప్పలేదు.

ఏడున్నరకి తిరువూరులో దిగాను. బస్టాండు ఎదురుగా వేడి ఇడ్లీ, అల్లం పచ్చడి, ఆపైన టీ. ఆ హోటల్లో పచ్చడి అడిగినంతా వేస్తారు, వెళ్లినవాళ్లు మొహమాటపడకండి. అక్కణ్నించి ఏ వైపు ఆటో ఎక్కానో మాత్రం రాయను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఆటో దిగి చేలగట్ల మీద నడుస్తుంటే ముందు కంపు తగిలింది. ఏ గొడ్డో చచ్చి ఉంటుందనుకున్నాను. పంపుషెడ్డు మలుపు తిరిగి చూద్దును కదా, మడుగు లేదు. పది సెంట్ల మేర నల్లటి బురద. దాని నిండా వేలెడంత చేపపిల్లలు తెల్లగా పొట్టలు తేలేసి ఉన్నాయి. కొంగలు కూడా తిని తిని విసిగిపోయి ఒడ్డున నిలబడ్డాయి. గట్టు మీదే చతికిలబడ్డాను. వారం కిందట మొలలోతు నీళ్లుండేవి అక్కడ!

యేసురత్నం గారు బురద మధ్య, ఒక బండ కింద మిగిలిన చిన్న నీటిగుంట దగ్గర ప్లాస్టిక్ బకెట్‌తో ఉన్నారు. నన్ను చూసి తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఆదివారం ఊరంతా చర్చిలో ఉన్నప్పుడు, ఎవరో ట్రాలీ ఆటోల్లో మూడు ఆయిల్ ఇంజన్లు తెచ్చి నీళ్లు తోడేశారట. ప్రార్థన ముగిసి జనం వచ్చేసరికి పెద్ద చేపలన్నీ బస్తాల్లోకి ఎక్కాయి. ఇదేం పనని అడిగితే, ఫోన్‌లో నా ఫోటో చూపించి, ఇది మీ మడుగేగా అన్నారట.

"నేను ఎవరికీ పేరు చెప్పలేదండీ, ఒట్టు" అన్నాను.

"మీరు చెప్పలేదు సార్. గోడ చెప్పింది."

వెనక్కి తిరిగి చూశాను. పంపుషెడ్డు గోడ మీద నీలం రంగుతో, మూరెడు అక్షరాలతో ఊరి పేరు. ఫోన్ తీశాను. చేపని ఎత్తి పట్టుకుని నేను ఇకిలిస్తున్నాను, నా చెవి పక్కనే ఆ అక్షరాలు. వారం రోజులుగా వందసార్లు చూసుకున్న ఫోటో అది. చేపనీ నా మొహాన్నీ తప్ప ఇంకేమీ చూడలేదు, ఛీ!

నా ఐసు పెట్టెలో ఐసు పారబోసి నీళ్లు నింపాను. ఆ బండ కింద నుంచి పదకొండు కొర్రమీనులు, గుప్పెడు జెల్ల చేపలు దొరికాయి. నా పెద్ద చేప వాటిలో లేదు. మధ్యాహ్నం రెండు దాకా ఎండలో ఆరు తిరుగుళ్లు తిరిగి, ఎగువన ఇంకో గుంటలో వదిలాం. వానలు పడేదాకా అవి నిలిస్తే ఏరు దక్కినట్టే అన్నారాయన. వచ్చేటప్పుడు వాళ్లావిడ మజ్జిగన్నం పెట్టింది. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

మూడున్నర బస్సుకి తిరుగు ప్రయాణం. ఎ.కొండూరులో ఎక్కినాయన నా గాలం కర్ర చూసి పక్కనే కూర్చున్నాడు. ఆయనకీ చేపల పిచ్చేనట. రెండు మాటలయ్యాక ఫోన్ తీసి, "ఇది చూశారా, ఇక్కడేనంట" అంటూ నా ఫోటో నాకే చూపించాడు. మజ్జిగన్నం తిన్నాక నేను గ్రూపులోంచి తుడిపేసి రెండు గంటలైనా కాలేదు!

"ఆ మనిషిని నేనేనండీ" అన్నాను. దాచిపెట్టుకోలేక జరిగిందంతా చెప్పాను. ఇంజన్లు, బురద, పదకొండు కొర్రమీనులు, ఎగువ గుంట. చేపలు పట్టుకునేవాళ్లమే ఏటికి కాపలా ఉండకపోతే ఇంకెవరుంటారండీ అని కూడా అన్నాను. ఆయన చాలాసేపు అయ్యో అయ్యో అంటూనే ఉన్నాడు. నా మనసు కొంచెం తేలికపడింది. మైలవరం వస్తుండగా నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అవునుగానీ, ఆ మిగిలినవాటిని ఏ గుంటలో వదిలారండీ?"

ఈసారి ఏ గోడా చెప్పలేదు, ఎగువ గుంట ఉందన్న సంగతి నా నోటితో నేనే చెప్పాను. ఇక బెజవాడ దాకా, తిరువూరు పేరే ఎన్నడూ విననివాడిలా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.