నీరు తీసేదాకా

మా మేనత్తను ఇచ్చిన ఊరు ఉప్పుటేటి మధ్యలో ఉండేది. సంతబొమ్మాళి దాటి ఉప్పుమళ్ళ పక్కనుంచి పోతే రోడ్డు ఉన్నట్టుండి నీళ్ళలోకి దిగిపోతుంది. సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ రోడ్డు ఆనవాలు తెలియదు, అటూ ఇటూ పాతిన గుంజలు మాత్రం నీళ్ళలోంచి తలలు ఎత్తి కనబడతాయి. నీరు తీసేశాక బురద పట్టిన రాళ్ళ దారి బయటపడుతుంది. దానిమీద నడిచి లంకకు చేరుకోవాలి. లంకంతా కొబ్బరి, కాస్త జీడి, గట్టు పొడుగునా మొగలి పొదలు, వాటి వెనక కాసిని ఇళ్ళు.

అత్తకు పిల్లలు లేరు. చిన్నప్పుడు సెలవులకు అన్నయ్యా నేనూ వెళితే మామ ఈ ఒడ్డుకు వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళేవాడు. పంచె ఎగ్గట్టి, మా చెప్పులు తన చేత్తో పట్టుకుని, ముందు కాకుండా మా వెనకాల నడిచేవాడు. “నీరు ఎనకనుంచొత్తాది. ఎనక నానుంటే మీకు బయ్యం నేదు” అనేవాడు. అది నిజమే. ఈ ఒడ్డు దగ్గర రోడ్డు పల్లంగా ఉండేది, పోటు వస్తే ముందు అక్కడే మునిగేది.

తొంభైల చివర్లో నాకు పెళ్ళయి పలాస వెళ్ళాను. ఆ రోజుల్లోనే మామకు కాళ్ళు వాచడం మొదలైంది. ఉద్దానంలో అప్పటికే చాలా ఇళ్ళలో ఉన్న జబ్బు అది. తిండి సయించదు, మనిషి నల్లబడిపోతాడు, ఆఖరికి కిడ్నీలు పోయాయంటారు. తాగే నీళ్ళవల్లని ఒకరు, పొలాల్లో కొట్టే మందులవల్లని ఇంకొకరు అనేవారు. ఎందువల్లో ఎవరూ చెప్పలేకపోయారు. టెక్కలి డాక్టరు విశాఖపట్నం తీసుకెళ్ళమన్నాడు. అప్పటికి మా నాన్న లేడు. అన్నయ్యా నేనూ కలిసి తీసుకెళ్ళాం. అత్త కూడా వస్తానని బట్టలు సర్దుకుంది గానీ మామ వద్దన్నాడు.

“గేదె ఈనేలాగుంది. నువ్వు ఇంటికాడుండు. నాను బేగి వచ్చెత్తాను” అన్నాడు.

ఆసుపత్రిలో మిషను మీద పెట్టి రక్తం శుభ్రం చేశారు. ఒకసారి కాస్త తేరుకున్నట్టు కనిపించాడు, మళ్ళీ దిగజారిపోయాడు. చివరికి పెద్ద డాక్టరు అన్నయ్యను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు. మామకు మాత్రం నయమైందనే చెప్పాం. సంతబొమ్మాళిలో తెలిసినవాళ్ళ కొట్టుకు ఫోన్ చేసి, రేపు పొద్దున్న వస్తున్నామని అత్తకు కబురు పెట్టించాం.

వ్యాన్ మాట్లాడుకుని చీకటితోనే బయల్దేరాం. మామ నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. శ్రీకాకుళం దాటాక మంచినీళ్ళు అడిగి గుక్కెడు తాగాడు.

“ఈయేళ తిథేటి?” అన్నాడు.

అమావాస్య అని అన్నయ్య చెప్పాడు.

“అయితే పొద్దున్న పెద్ద పోటు. మనం ఎల్లేసరికి దారుండదు.”

ఆయన ఇంక మాట్లాడలేదు. నిద్రపోయాడనుకున్నాను. కోటబొమ్మాళి దగ్గర వ్యాన్ గోతిలో పడి లేచినప్పుడు ఆయన చెయ్యి పక్కకు జారిపోయింది. పట్టుకుంటే చల్లగా ఉంది.

ఆయన చెప్పినట్టే దారి లేదు. మేం ఒడ్డుకు చేరేసరికి నీరు గుంజల సగం దాకా ఉంది, ఇంకా పెరుగుతోంది. వ్యాన్ ఆగడం చూసి అవతలి గట్టు మీద ఎవరో లేచి నిలబడ్డారు. పసుపు చీర. అత్తేనని అంత దూరం నుంచీ పోల్చుకున్నాను. చెయ్యి ఊపింది. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి కేకేసింది. గాలి అటునుంచి ఇటు కొడుతోంది, అందుకని ఆవిడ మాట మాకు తెలుస్తోంది. మా మాట ఆవిడకు చేరదు.

“ఎలగున్నాడమ్మీ?”

నేను అన్నయ్యవైపు చూశాను. వాడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వ్యాన్ చక్రం పక్కన కూలబడ్డాడు.

ఆయన నిద్రపోతున్నాడనుకుంది కాబోలు.

“లేపకండి! పడుకోనీండి! ఎండ తగలనీకండి!”

మళ్ళీ అరిచింది. ఈసారి గొంతులో నవ్వుంది.

“గేదె ఈనింది! పెయ్యదూడ! ఆయనకి సెప్పండి!”

ఒడ్డున పాక నీడలో ఒక ముసలి జాలరి వల బాగు చేసుకుంటున్నాడు. వచ్చి వ్యాన్‌లోకి చూసి తలగుడ్డ తీసేశాడు. నావ వెయ్యమని అన్నయ్య అడిగాడు.

“ఇప్పుడు వడి ఎక్కువ బాబూ. పోటు నిండి నీరు నిలబడ్డప్పుడు ఒకల్ని దాటించగల్ను. ఆయన్ని మాత్రం ఎక్కించనేను, నావ సిన్నది.”

“పోనీ నువ్వెల్లి మా అత్తకి సెప్పీ.”

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. “నా నోటెంట రాదు. మీరు సొంతోల్లు, మీరే సెప్పుకోవాల.”

డ్రైవరు అప్పటికే వెళ్ళిపోతానని గొణుగుతున్నాడు. అతన్ని ఆపడానికి అన్నయ్య ఉండాలి. “నువ్వుండు అన్నియ్యా, నానెల్తాను” అన్నాను.

నీరు నిలబడేదాకా అత్త గట్టు మీదే ఉంది. నేను నావలో కూర్చోవడం చూసి నీళ్ళ అంచుకు దిగొచ్చింది. దగ్గరయ్యేకొద్దీ ఆవిడ మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. నేను ఒడ్డున కాలు పెట్టాను.

“ఆయన్ని ఒగ్గేసి నువ్వెందుకొచ్చినావమ్మీ?” అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, తర్వాత వ్యాన్‌వైపు చూసి, ఉన్నచోటనే బురదలో కూర్చుండిపోయింది. ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి చుట్టూ మూగి ఏడుపు అందుకున్నారు. అత్త ఏడవలేదు. కాసేపటికి లేచి నావవైపు నడిచింది. ముసలాయన చేతులు జోడించాడు. అప్పటికే నీరు వెనక్కి మళ్ళింది, వడి మొదలైంది. ఇంక నావ పోదు.

అలా కూర్చున్నాం. ఎండ మండిపోతోంది. ఎవరో కొబ్బరి మట్టలు తెచ్చి నీడ పట్టారు. అవతల వ్యాన్ మీద అన్నయ్య తడిగుడ్డ కప్పడం కనిపిస్తోంది. అత్త కళ్ళు అక్కడినుంచి కదల్లేదు. తల వెంట్రుకలైనా సవరించుకోలేదు. నీరు గుంజల మొదళ్ళకు దిగిందా అని నేను మాటిమాటికీ చూస్తున్నాను, ఎంత చూసినా దిగినట్టే లేదు.

మోకాలి లోతు ఉండగానే ఊరి మగవాళ్ళు మంచం తీసుకుని దిగారు. వాళ్ళతోపాటు అత్తా దిగింది. ఎవరాపినా ఆగలేదు. మామను మంచం మీద మోసుకొస్తుంటే రోడ్డు మధ్యలో ఎదురెళ్ళింది. కింద నీళ్ళు, దించడానికి లేదు. మోసేవాళ్ళు ఆగి, భుజాల మీంచి మంచాన్ని కొంచెం కిందికి వంచారు. అత్త ఆయన గడ్డం పట్టుకుని చూసింది. అప్పుడు ఏడ్చింది.

మిగతాదంతా తొందరగా జరిగిపోయింది. టెక్కలినుంచీ రావివలసనుంచీ వచ్చిన చుట్టాలు మళ్ళీ పోటు రాకముందే వెళ్ళిపోవాలి. స్నానం చేయిస్తున్నా, కట్టెలు పేరుస్తున్నా ఎవరో ఒకరు ఏటివైపు వెళ్ళి చూసొచ్చేవారు. “బేగి కానీండి, బేగి” అనే మాట తప్ప ఆ పొద్దు నాకు ఇంకేదీ సరిగా గుర్తులేదు. మంట అంటుకోగానే సగం మంది చెప్పులు చేత పట్టుకుని వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు అత్త గేదెనూ దూడనూ మరిదికి అప్పగించి టెక్కలిలో అన్నయ్య దగ్గరికి వచ్చేసింది. ఇంటి పని చేసేది, పిల్లలకు జడలు వేసేది. మామ మాట ఎత్తేది కాదు. ఒకసారి నేను పలాసనుంచి వెళ్ళినప్పుడు చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అంది:

“ఆ పొద్దు నువ్వు నావెక్కకుండా ఉంటే బాగున్ను. నీరు తీసేదాకా నాకు ఆయన ఉండీవోడు.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నేను పక్కన కూర్చుని రాళ్ళు ఏరసాగాను.

తర్వాత ఆ రోడ్డు ఎత్తు చేసి తూములు వేశారు. పోటు వచ్చినా ఇప్పుడు ఆటోలు పోతున్నాయని అన్నయ్య చెబితే అత్త “అలాగేటి” అంది. ఒకసారి వెళ్ళొద్దామా అని నేను అడిగాను. “అక్కడెవులున్నారమ్మీ” అంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మేం వెళ్ళలేదు. ఆవిడ పోయాక, వెళ్ళాల్సిన పని లేకపోయింది.