చిప్పు మాది, కెమెరా నీది

మా మేనకోడలి శారీ ఫంక్షన్‌కు ముహూర్తం ఖాయమయ్యాక, మా మరదలు జమ్మికుంట నుంచి ఫోన్ చేసింది. "వదినె, జర నువ్వొచ్చి పొల్లకు చెప్పిపో. పీటల మీద కూసోనంటుంది. ఎందుకంటె చెప్తలేదు" అంది.

నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా వాళ్ళలో ఎవరి ఫోన్ పాడైనా, టీవీ పాడైనా, పిల్లలు మాట వినకపోయినా కబురు నాకే వస్తుంది. నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు, మళ్ళీ నన్నే పిలుస్తారు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

పిల్ల ఎనిమిదో తరగతి. మా తమ్ముడికి ఒక్కతే బిడ్డ. వాడు గల్ఫ్‌లో కంపెనీ క్యాంపులో ఉంటాడు. పోయినేడే వచ్చి వెళ్ళాడు కాబట్టి ఈసారి సెలవు దొరకలేదు. అందుకని ఫంక్షన్ మొత్తం లైవ్ పెట్టమని ఫొటోగ్రాఫర్‌తో అక్కడి నుంచే మాట్లాడేసుకున్నాడు. మా దగ్గర పెళ్ళయినా శారీ ఫంక్షనైనా ఇప్పుడు పత్రిక కంటే ముందు లైవ్ లింకు తిరుగుతుంది. ఇంటికొకరు అక్కడ ఉంటారు, వాళ్ళ కడుపు నిండాలి కదా. ఈ ఆచారాన్ని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. నేను కూడా కూర కలుపుతూ ఎంతమంది పెళ్ళిళ్ళు చూశానో.

పిల్ల డాబా మీద మూతి ముడుచుకుని కూర్చుంది. పక్కన కూర్చుని వేరే ముచ్చట్లేవో మాట్లాడాక, దానంతటదే అసలు సంగతి బయటపెట్టింది.

"మా క్లాసుల ఒక పిల్ల ఫంక్షన్ లైవ్ వెట్టిన్రు అత్తమ్మా. మంగళ స్నానమప్పుడు మొఖం నిండ పసుపు. తుమ్మింది. గంతే, గా తుమ్మును కట్ చేసి స్టిక్కర్ చేసిన్రు. గ్రూపుల ఎవ్వరేం మాట్లాడినా గదే వెడ్తరు. పాపం, గా పిల్ల బడికొచ్చుడే బంద్ చేసింది."

"తీసేయించలేదా వాళ్ళ అవ్వ బాపు?"

"ఫొటోలాయన వీడియో తీసేసిండు. స్టిక్కర్ ఎవ్వరు తీస్తరు?"

ఎవరూ తీయరు. ఎన్ని ఫోన్లలో చేరిందో ఎవరికీ తెలియదు, తీసెయ్యమని ఎవరిని బతిమాలాలో కూడా తెలియదు. నచ్చజెప్పడానికి వెళ్ళినదాన్ని ఆ నిమిషంలోనే పిల్ల జట్టులో చేరిపోయాను.

"లైవ్ ఉండది. నాది జిమ్మా. ఇగ కూసుంటవా?" అన్నాను.

అది వెంటనే తలూపుతుందనుకున్నాను. ఊపలేదు. "బాపు చూడద్దా మరి?" అంది, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని. "బాపు చూడాలె. వేరేటోళ్ళు చూడద్దు."

తమ్ముడికి ఆ సాయంత్రమే చెప్పాను. వాడున్న దేశంలో మనం మామూలుగా వాడే వీడియో కాల్ పనిచేయదు. ఊరూ పేరూ తెలియని ఏదో యాప్‌లో మాట్లాడతాడు, అదంటేనే నాకు ఒళ్ళుమంట. ఫంక్షన్‌ను అందులో చూపించే ప్రసక్తే లేదు. తీసిన వీడియోకు తాళం వేసి పంపిస్తాను, రెండు రోజులు ఆలస్యంగా చూస్తావు, అంతే తేడా అన్నాను.

"గదేం మాటక్కా?" అన్నాడు. "ఊరంత కూసోని చూస్తది, కన్న బాపును నేను చూడద్దా? మా రూమోళ్ళందరికి చెప్పిన. టీవీకి వెట్టి చూద్దామనుకున్నం. నా బిడ్డ ఫంక్షన్ దొంగతనంగ చేస్తున్నమా?"

స్టిక్కర్ సంగతి చెప్పాను. "యాప్ కంపెనీకి రాస్తే తీసేస్తరట గదా" అన్నాడు. "వాళ్ళు తీసేదాంక నీ బిడ్డ ఇంట్ల కూసోవాలెనా?" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. బాధైంది. ఎండలో నిలబడి పనిచేసే మనిషి, ఒక్కగానొక్క బిడ్డ వేడుకను అదే గడియలో కళ్ళారా చూడాలనుకోవడం అత్యాశ కాదు. అయినా నేను మెత్తబడలేదు. పీటల మీద కూర్చోవలసింది వాడు కాదు.

ఫొటోగ్రాఫర్ శాంపిల్ ఆల్బం చంకలో పెట్టుకుని వచ్చాడు. కుర్రవాడు మంచివాడే, పని తెలిసినవాడు. లైవ్ వద్దంటే వాడి ముఖం మాడిపోయింది.

"ప్రైవేట్ లింక్ వెడ్త మేడం. లింకున్నోళ్ళకే కనవడ్తది. వీడియో వెట్టేది పెద్ద కంపెనీల, ఏం ఫికర్ లేదు."

"గా లింక్ మా ఫ్యామిలీ గ్రూపుల వడ్తది. గక్కడికెంచి ఎటు వోతదో నీకెర్కనా?"

"గట్ల ఎవ్వర్ని నమ్మకుంటె ఎట్ల మేడం?"

"నమ్ముతలేనని ఎవలన్నరు? రాత్రి తలుపుకు బేడం ఎందుకు వెడ్తం? వాడకట్టోళ్ళందరు దొంగలనా? తెల్లారి వాళ్ళతోనే నవ్వుకుంట మాట్లాడ్తం గద. వాళ్ళు మంచోళ్ళయినా కాకున్నా మనకు ఫరక్ వడొద్దు. గంతే నా లెక్క."

ఇక నా షరతు చెప్పాను. మెమరీ చిప్పులు నేనే కొనుక్కొస్తాను. చిప్పు మాది, కెమెరా నీది. ఫంక్షన్ అయిపోగానే కెమెరా నువ్వు తీసుకుపో, చిప్పులు నా చేతిలో పెట్టు. ఆల్బంకు కావలసిన ఫొటోలు పిల్ల ఏరి ఇస్తుంది, నీకు అవే వస్తాయి. వాడు ఉడుక్కున్నాడు. "నేను గసొంటోన్ని కాదు మేడం" అన్నాడు. "నువ్వు కాదు తమ్మీ. రేపు నీ కంప్యూటర్ ఖరాబయితె రిపేరుకిస్తవు. గాయన ఎసొంటోడో నాకెట్ల తెల్వాలె?" అన్నాను. చివరికి ఒప్పుకున్నాడు. వాడి చానల్‌లో పెట్టుకోవడానికి ఒక్క ముక్కైనా ఇమ్మని మాత్రం పోయేదాకా చెవిలో జోరీగలా పోరుపెట్టాడు.

కెమెరా ఒక్కటే అయితే నా పని అక్కడితో అయిపోయేది. వచ్చే చుట్టాలందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా. ఫంక్షన్ హాలు నిండా మనుషులను పెట్టుకుని ఎవరూ ఫొటో తీయొద్దంటే నన్ను పిచ్చిదాన్ని అంటారు. పిల్లనే అడిగాను, ఏది అందరూ చూడొచ్చు, ఏది చూడకూడదు అని. చీర కట్టుకుని స్టేజీ మీద కూర్చున్నాక ఎవరైనా తీసుకోవచ్చంది. పొద్దున ఇంటి దగ్గర పసుపు, మంగళ స్నానం మాత్రం మన కెమెరా తప్ప ఎవరూ తీయకూడదంది. నాకు ఆ లెక్క నచ్చింది. అన్నీ దాచుకోవాలనుకుంటే మనిషి బతకలేడు, ఏది దాచుకోవాలో తనకు తెలిస్తే చాలు.

ఫంక్షన్ రోజు పొద్దున వాకిట్లో చాట పట్టుకుని నిలబడ్డాను. పసుపు పెట్టడానికి లోపలికి వచ్చే ఆడవాళ్ళంతా ఫోన్లు చాటలో వేసి రావాలి. మా మరదలు మొదట తనది వేసింది. ముసలమ్మలు నవ్వుకుంటూ పోయారు, వాళ్ళకేం, ఫోన్లే లేవు. ఆదిలాబాద్ నుంచి చీరతో వచ్చిన పిల్ల మేనమామ భార్య మాత్రం మొగుడికి ఫిర్యాదు చేసింది. "మేం సారె తీస్కొస్తె మా ఫోన్లు గుంజుకుంటున్నరు!" ఆయన నా ముఖం చూసి, గొడవెందుకని తన ఫోన్ కూడా తెచ్చి చాటలో పడేశాడు. పసుపు ముగిసేదాకా ఆ చాట మోగుతూనే ఉంది. ఒక్కరూ లేచి పోలేదు.

లోపల పిల్ల ఎంత నవ్విందో చెప్పలేను. భయం పోయిన పిల్ల నవ్వు వేరుగా ఉంటుంది. పసుపు నీళ్ళు దోసిలితో తీసి నా కొత్త పట్టుచీర మీద కొట్టింది. ఇంకోసారైతే కేకలేసేదాన్ని. ఫొటోగ్రాఫర్ తన చెల్లెలిని తోలుకొచ్చి కెమెరా ఆమె చేతికిచ్చి తను గుమ్మం బయట కూర్చున్నాడు. అది మాత్రం నేను చెప్పకుండా వాడు చేసిన మంచి పని.

మర్నాడు పిల్లను నా లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టుకున్నాను. వీడియోను తాళంమాటతో, అంటే పాస్‌వర్డ్‌తో, ఎలా మూసెయ్యాలో చూపించాను. మూసేశాక దాన్ని ఏ కంపెనీ గోదాంలో పెట్టినా ఫరక్ పడదని, తాళం వేసిన సందూక ఎవరి ఇంట్లో ఉంటే ఏమిటని చెప్పాను. ఒకటే జాగ్రత్త, సందూక పోయిన దారిలో తాళంచెవి పోకూడదు. తాళంమాట రాసి పంపొద్దు, బాపుకు నోటితో చెప్పు అన్నాను. అది తాళంమాట టైప్ చెయ్యబోతుండగా వంటింట్లోంచి మా మరదలు పిలిస్తే లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి, నేను చూడకుండానే, తాళం వేసేసింది. ఆల్బంకు ఏరినవి పక్కన పెట్టి, చిప్పుల్లో, లాప్‌టాప్‌లో తాళం లేకుండా మిగిలినవన్నీ నా చేతనే చెరిపించింది. బాపుకు చెప్పడానికి ఫోన్ పట్టుకుని డాబా ఎక్కింది.

రెండు రోజుల తర్వాత తమ్ముడు నాకు ఫోన్ చేశాడు.

"చూసినక్కా."

"టీవీకి వెట్టినవా?"

"వెట్టలే. రూమోళ్ళు అడిగిన్రు గని నేనే వెట్టలే. పనికి వోయే బస్సుల, ఎనక సీట్ల కూసోని చూసిన. తాళంమాట నీకొక్కనికే చెప్తున్న బాపు, ఎవ్వరికి చెప్పకు అన్నదక్కా." అన్నాడు. "గింత పెద్దగ ఎప్పుడైంది గది?"

నాకు ఏడుపొచ్చింది. కోపమొచ్చిందా నా మీద అని అడిగితే, "వచ్చింది, పోయింది" అన్నాడు.

దసరా సెలవులకు పిల్ల కరీంనగర్ వచ్చింది. ఆ నవ్వు ఇంకొకసారి చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. తాళం వేసిన ఫైలు నా లాప్‌టాప్‌లోనే ఉంది, తెరవడం నాకు రాదు. చాయ్ తాగుతూ, అలవోకగా, తాళంమాట ఏమిటే అన్నాను.

"చెప్ప" అంది.

"నాకు గూడనా?"

"నీకు చెప్తె, నువ్వు ఎవ్వరికి చెప్పవని నేను నమ్మాలె. చెప్పకుంటె గా పనే లేదు గద అత్తమ్మా."

చురుక్కుమంది. చిప్పులు కొన్నది నేను, చాట పట్టింది నేను, తమ్ముడితో మాట పడింది నేను. అంత చేసినదాన్ని నన్నే బయట నిలబెట్టింది. మొహం కందగడ్డ చేసుకుని గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయాను. గ్లాసులు కడిగేసరికి నాకే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా తరగతి గదుల్లో గొంతు చించుకుని చెబుతున్నాను, ఒక్కరైనా ఇంత శుభ్రంగా నేర్చుకున్నారా?

బయటికొచ్చి చూస్తే లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రా, చూద్దాం. నేను తెరుస్త" అంది. పక్కన కూర్చోబోయాను. అది మీటల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అటు దిరుగు అత్తమ్మా."

గోడ వైపు తిరిగి కూర్చున్నాను.